మూడో కుర్చీలో మనిషి

రేడియో అక్కను పోయిన వారం ఆమె ఇంటి గుమ్మంలోనే వదిలాం. కుడిచేతిలో కూరగాయల సంచీ, ఎడమచేతిలో తాళంచెవి. తాళం తీయాల్సిన పని లేకపోయింది. తలుపు తెరిచే ఉంది. గడప పక్కన ఎవరివో అరిగిపోయిన చెప్పులున్నాయి. లోపల్నుంచి అమ్మ నవ్వు వినిపిస్తోంది. అమ్మ అంత గట్టిగా నవ్వి ఎన్నాళ్ళయిందో.

ఆమె అసలు పేరు ఆఫీసులో సగంమందికి తెలీదు. అత్యవసర సేవల కంట్రోల్ రూమ్‌లో షిఫ్ట్ సూపర్వైజరు. ఇల్లు అంటుకున్నా, గుండె పట్టేసినా, కారు కాలవలో పడినా ఊరి జనం ఫోన్ చేసేది ఆ గదికే. ఫోన్లో ఆమె మాట వార్తలు చదివినంత శుభ్రంగా ఉంటుందని ఎవరో రేడియో అన్నారు, ఆ పేరు అతుక్కుపోయింది. ఆ శుభ్రత పుట్టుకతో వచ్చింది కాదు. ఆమె ఏటవతల పుట్టిన మనిషి. ఏటవతలి వాళ్ళు ప్రతి మాటకీ చివర కాస్త సాగదీస్తారు. ఆ సాగదీతకు ఇవతల నవ్వుతారు. చదువుకునే రోజుల్లోనే అద్దం ముందు నిలబడి, ఆమె దాన్ని నాలుక మీంచి తుడిచేసుకుంది.

శుక్రవారం డైరెక్టరు ఆమెను గదిలోకి పిలిచి కూర్చోబెట్టాడు గదా. కంట్రోల్ రూమ్‌లో ఫోన్లు తీసే ఉద్యోగానికి వచ్చి, దొరక్క వెళ్ళిపోయిన ఏటవతలి అమ్మాయి ఒకతె హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. తన ఒడ్డు చూసి, తన యాస చూసి కాదన్నారని. విచారణ సోమవారం. డైరెక్టరుకు దిగులేమీ లేదు.

"కొత్త చట్టం ప్రకారం ప్రతి సెలక్షన్ కమిటీలో మూడో కుర్చీ మీ వాళ్ళది. ఆ కుర్చీలో నువ్వున్నావు. నువ్వుండగా అన్యాయం ఎలా జరుగుతుందమ్మా? వచ్చే నెల మంత్రిగారు ప్రగతి నివేదిక చదువుతారు. మైనారిటీలకు ఉద్యోగాలిచ్చిన శాఖల్లో మన పేరు ముందుంది. నువ్వెళ్ళి ఆ ఒక్క మాట చెప్పిరా, చాలు" అన్నాడు.

గేటు కాపలాకీ, బళ్ళు కడగడానికీ తీసుకున్నవాళ్ళను కూడా కలుపుకుంటేనే ఆ పేరు ముందుకొచ్చిందని ఇద్దరికీ తెలుసు. ఆమె తలూపి వచ్చేసింది.

ఇవాళ ఆదివారం. ఆ చెప్పులు ఎవరివో చూద్దాం.

అమ్మ సోఫాలో కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంది. ఎదురుగా కుర్చీ అంచున ఒక అమ్మాయి, చేతిలో టీ గ్లాసు. రేడియో అక్కను చూడగానే గ్లాసు కింద పెట్టి లేచి నిలబడింది. పొడుగ్గా, భుజాల దగ్గర కాస్త వంగినట్టుండే మనిషి. ఆ వంపు రేడియో అక్కకు గుర్తుంది. ఇంటర్వ్యూ గదిలో కూర్చోమన్నాక కూడా ఈ పిల్ల ఇలాగే నిలబడింది, మళ్ళీ చెప్పాల్సొచ్చింది.

"చూశావా ఎవరొచ్చారో" అంది అమ్మ. "మన రేవులో మైకు పట్టుకుని పడవలు పిలిచే పిల్ల. వీళ్ళ అమ్మమ్మా నేనూ ఒకే లాండ్రీలో ఏళ్ళ తరబడి దుప్పట్లు పిండాం. ఆవిడ ఒక కొస, నేనొక కొస. ఇంత దగ్గరివాళ్ళని ఇన్నాళ్ళూ ఎరగనట్టే బతికాం."

"బాగున్నారా మేడమ్" అంది రేవు పిల్ల.

"మేడమేంటి, అక్కా అను" అంది అమ్మ.

రేడియో అక్క చేతిలో సంచీ కింద పెట్టలేదు. "మా ఇల్లెలా తెలిసింది?"

"రేవులో ఎవర్నడిగినా చెప్తారక్కా. టికెట్ల కిటికీ పక్కన మీ ఫొటో అంటించారుగా ప్రభుత్వం వాళ్ళు. 'మీరూ ఇక్కడికి చేరవచ్చు' అని కింద పెద్దక్షరాలతో రాసి. రోజూ మీ మొహం చూసే పనిలోకి దిగేదాన్ని."

"రేపు విచారణ పెట్టుకుని నువ్విలా రాకూడదు."

"తెలుసక్కా. సాక్ష్యం చెప్పమని అడగడానికి రాలేదు. థాంక్స్ చెప్పి వెళ్దామని వచ్చాను."

"దేనికి?"

"ఆ రోజు గదిలో మీరు ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్న పెద్దాయన నేను మాట్లాడుతున్నంతసేపూ చేతి గడియారం చూసుకున్నాడు. పక్కాయన నేను నోరు తెరవగానే కనుబొమలు పైకెత్తాడు. మీరొక్కరే నన్ను చూసి నవ్వారు. ఆ నవ్వు పట్టుకుని మిగతా ప్రశ్నలకి జవాబులు చెప్పుకొచ్చాను. ఉద్యోగం రాలేదు, అది వేరే సంగతి. నేను బయటికెళ్ళాక మీరు వాళ్ళిద్దరితో ఎంత పోట్లాడి ఉంటారో నేను ఊహించుకోగలను."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడంటారు. ఇక్కడ దొంగ అని ఎవరూ అనలేదు, మంచిదానివన్నారు. దానికి కూడా భుజాలు తడుముకోవాల్సి వస్తుందని రేడియో అక్కకు ఇవాళే తెలిసింది.

"దాని గుణమే అంత" అంది అమ్మ, కూతురి వైపు మురిపెంగా చూస్తూ. "పైకి చెప్పుకోదు."

"కూరలు లోపల పెట్టొస్తాను" అని రేడియో అక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది. సంచీ గట్టు మీద పెట్టి కుళాయి తిప్పింది. కడగడానికేమీ లేదు. నీళ్ళ చప్పుడు కావాలి, అంతే.

ఆ గదిలో జరిగింది ఇది.

మధ్యలో కూర్చున్న కమిటీ పెద్ద ఒకప్పుడు అగ్నిమాపక దళంలో పనిచేసి వచ్చినాయన. ఆయన గడియారం చూసుకున్నది విసుగుతో కాదు. ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఎంత వ్యవధి ఉందో కొలుస్తున్నాడు. రేవు పిల్ల తలుపు మూసి వెళ్ళగానే, "అడగడం పూర్తయ్యేలోపే చెప్పేస్తోంది. కంగారు కూడా లేదు. నాకు నచ్చింది" అన్నాడు. కనుబొమలెత్తిన పక్కాయన సిబ్బంది వ్యవహారాల ఆఫీసరు. "మంత్రిగారు ఇలాంటి వాళ్ళ కోసమే వెతుకుతున్నారు. తీసేసుకుందాం" అన్నాడు. తర్వాత ఇద్దరూ మూడో కుర్చీ వైపు తిరిగారు. తిరగడం మర్యాదకే. అప్పటికే వాళ్ళ లెక్కలో పని అయిపోయింది.

ఆ పిల్ల నోరు విప్పిన క్షణం నుంచీ రేడియో అక్కకు ఒంట్లో ఒకలా ఉంది. ఆఫీసులో, ఆ నున్నటి బల్ల ముందు, ఆ సాగదీత వినబడుతుంటే అమ్మే పాతబట్టలతో నడిచొచ్చి అందరి మధ్యా కూర్చున్నట్టనిపించింది. నవ్విందంటే అందుకు నవ్వింది. సిగ్గుతో వచ్చిన నవ్వు అది.

"పిల్ల మంచిదే సార్" అంది. "కానీ ఆ యాస చూశారుగా. ఆపదలో ఉన్న మనిషి మళ్ళీ చెప్పమని అడగాల్సి వస్తే అవతల ప్రాణం పోతుంది."

"నాకు బాగానే అర్థమైందే" అన్నాడు కమిటీ పెద్ద.

"మీకు అర్థమవుతుంది సార్. ఫోన్ చేసేవాళ్ళందరూ మీలా ఉండరు."

ఆయన కాసేపు ఆమె మొహంలోకి చూశాడు. "మీ మనిషి గురించి నువ్వే అలా అంటే ఇక మేమేం అంటాం" అని తర్వాతి వాళ్ళను పిలిపించాడు.

అంతే జరిగింది. తన వాళ్ళకైనా మినహాయింపు ఇవ్వని నిఖార్సయిన మనిషినని తనకు తాను చెప్పుకుని ఆ రోజు ఇంటికొచ్చింది. కడుపునిండా తిని హాయిగా నిద్రపోయింది. ఇప్పుడు అన్నిటికన్నా ఆ నిద్రే ఎక్కువ గుచ్చుతోంది.

కుళాయి కట్టేసేసరికి ముందుగదిలో మాటలు వినబడ్డాయి. రెండు గొంతులూ ఒకేలా సాగుతున్నాయి. అమ్మ ఇంట్లో కూడా కొంచెం అదుపులో పెట్టుకునే సాగదీతను ఇవాళ పూర్తిగా వదిలేసింది.

"అమ్మమ్మ ఎలా ఉందే?"

"మంచం మీదే పెద్దమ్మా. పోయినేడు మెట్ల మీద పడింది. తాత కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేశాడు. తాత చెప్పిన వీధి ఒకటి, వాళ్ళకి వినబడిన వీధి ఒకటి. అంబులెన్స్ ఆ వీధికెళ్ళి, ఎవరూ లేరని తిరిగెళ్ళిపోయింది. తాత మళ్ళీ చేస్తే 'అర్థమయ్యేలా మాట్లాడండి' అని పెట్టేశారు. చివరికి పడవలో వేసుకుని మేమే తీసుకెళ్ళాం. బతికింది. నడక మాత్రం రాలేదు."

"అయ్యో తల్లీ."

"అందుకే ఆ ఉద్యోగానికి పెట్టాను. ఆ గదిలో మన మాట తెలిసినవాళ్ళు ఉండాలిగా."

"మా పిల్ల ఉందిగా."

"అక్క ఒక్కరే ఎన్ని ఫోన్లు తీస్తారు పెద్దమ్మా."

అమ్మ నవ్వింది. "అదీ నిజమే. నన్నైతే ఇంట్లో ఫోనే ఎత్తనివ్వదు. ఆఫీసువాళ్ళు చేస్తే నా మాట వినబడుతుందని దాని బాధ." తమాషాగానే అంది. అమ్మకు అందులో తప్పేమీ కనబడలేదు, చాలాకాలంగా.

వంటింటి గుమ్మంలో రేడియో అక్క తేలుకుట్టిన దొంగలా నిలబడిపోయింది.

"ఇప్పుడూ మైకు దగ్గరే పనా?" అని అడిగింది అమ్మ.

"లేదు. ఫిర్యాదు పెట్టానని తెలిసి కాంట్రాక్టరు మైకు తీసేసుకున్నాడు. గొడవల మనిషి గొంతు మా రేవులో వద్దన్నాడు. పడవలు వచ్చినప్పుడు తాళ్ళు కడుతున్నాను."

"చేతులేవీ, చూడనీ."

ఆ పిల్ల చేతులు చాపలేదు. ఒళ్ళో పెట్టుకుని, "ఏం లేదులే పెద్దమ్మా, అలవాటైపోతుంది" అంది. తర్వాత లేచి, "వెళ్ళొస్తానక్కా" అంది వంటింటి వైపు తిరిగి.

"బస్సు దాకా నేనూ వస్తాను" అంది రేడియో అక్క.

ఆదివారం మధ్యాహ్నం కాబట్టి దుకాణాలన్నీ సగం షట్టర్లు దించి ఉన్నాయి. మంగలి తన కొట్టు ముందు వెంట్రుకలు ఊడ్చుకుంటున్నాడు. ఇద్దరూ పక్కపక్కనే నడుస్తున్నారు. రేవు పిల్ల, "అమ్మగారు బాగా కలుపుగోలు మనిషి" అంది. రేడియో అక్క ఊఁ అంది. ఎదురింటి పెద్దమనిషి పలకరిస్తే తలూపింది. తలూపడం ఆమెకు బాగా వచ్చు.

మంగలి కొట్టుకు కాస్త అవతల, బస్టాపులో బెంచీ ఖాళీగా ఉంది. ఇద్దరూ కూర్చున్నారు.

"నేను నీకోసం పోట్లాడలేదు" అంది రేడియో అక్క.

రేవు పిల్ల నవ్వింది. "పోనీలెండక్కా. ఇద్దరు మగవాళ్ళ మధ్య ఒక్కరే. ఎంతని చెప్తారు."

"అది కాదు. వాళ్ళిద్దరూ తీసుకుందామన్నారు. నేను వద్దన్నాను."

ఆ పిల్ల మొహంలో నవ్వు వెంటనే పోలేదు. ఎక్కడికి పోవాలో తెలీనట్టు కాసేపు అక్కడే ఉండిపోయింది. "ఏమన్నారు?" అంది చివరికి.

"నీ యాస ఎవరికీ అర్థం కాదన్నాను."

"మీకు అర్థమైందా?"

"ప్రతి మాటా."

వీధి చివర బస్సొకటి కనబడింది. దగ్గరికొచ్చాక చూస్తే వేరే నంబరు. ఆగి, ఎవరూ ఎక్కకపోతే వెళ్ళిపోయింది.

"గడియారం చూసుకున్నాయన కూడా తీసుకుందామన్నాడా?"

"ముందు ఆయనే అన్నాడు."

"నేను కమిషన్‌లో వాళ్ళిద్దరి మీదే చెప్పాను అక్కా. ఎలా చూశారో, ఎలా విసుక్కున్నారో అన్నీ చెప్పాను. మీ మీద ఒక్క మాట లేదు." వంగిన భుజాలు ఇంకాస్త వంగాయి. "అయితే రేపు మీరు నిజం చెప్తే నా ఫిర్యాదు అబద్ధమవుతుంది. 'మీ మనిషే వద్దంది, మాకేం సంబంధం' అంటారు. నిజం చెప్పకపోతే ఎలాగూ నేను ఓడినట్టే. ముందు నుయ్యి, వెనక గొయ్యి."

ఇంత దూరం రేడియో అక్క ఆలోచించలేదు. నిజం చెప్పేస్తే గుండె బరువు దిగుతుందనుకుంది. ఆ బరువు దించుకోవడానికి కూడా ఈ పిల్ల నెత్తే దొరికింది.

"ఎందుకన్నారు ఆ మాట?" అని అడిగింది రేవు పిల్ల. గొంతులో కోపం లేదు. వీధి పేరు సరిగ్గా వినబడక మళ్ళీ అడిగినట్టు అడిగింది.

"భయమేసింది."

"ఎవరంటే?"

రేడియో అక్క చెప్పింది. నీకన్నా ముందు అంబులెన్స్ డ్రైవరుగా మన కుర్రాణ్ణి ఒకణ్ణి తీసుకున్నారు. నేను గట్టిగా పట్టుబడితేనే తీసుకున్నారు. మర్నాడు కారిడార్‌లో డైరెక్టరు నా పక్కనే నడుస్తూ, నవ్వుతూనే అన్నాడు: 'ఒకణ్ణి తెచ్చావు, బాగుంది. రెండో మనిషిని కూడా తెస్తే, ఆవిడ ఆఫీసులో ఏటవతలి ఊరు కడుతోందంటారు. ఆ కుర్చీ చట్టం ఇమ్మంది కాబట్టి ఇచ్చాం. అందులో ఎవరు కూర్చోవాలో మాత్రం నేనే చూస్తాను.' ఆ తర్వాత వచ్చినదానివి నువ్వు.

"ఈ మాట ఎవరికైనా చెప్పారా?"

"లేదు. చెప్తే నా తప్పు ఆయన మీదికి తోసినట్టుంటుంది. ఆయనేం నా నోరు పట్టుకుని మాట్లాడించలేదు. నేనే మాట్లాడాను. అప్పుడు ఆయన గదిలో కూడా లేడు."

"మీ తప్పు మీ దగ్గరే ఉంచుకోండి, నేనేం అడగట్లేదు" అంది రేవు పిల్ల. "ఆయన అన్నది రేపు కమిషన్ ముందు చెప్పండి. మీరన్నదీ చెప్పండి, ఆయనన్నదీ చెప్పండి. రెండూ."

"రెండూ చెప్తే ఆ కుర్చీ ఉండదు. ఉద్యోగం కూడా ఉంటుందనుకోను."

"నాకు మైకు లేదుగా" అంది ఆ పిల్ల.

ఈసారి వచ్చింది ఆమె బస్సే. లేచింది. మెట్టు మీద కాలు పెట్టి ఒకసారి ఆగి వెనక్కి తిరిగింది. "రేపు ఒకటే చెప్పేటట్టయితే మాత్రం రాకండి. అక్కా అన్నాను చూడండి, అది వెనక్కి తీసుకుందామనుంది. మీ అమ్మగారు బాధపడతారని ఊరుకుంటున్నాను."

బస్సు వెళ్ళిపోయింది. రేడియో అక్క అక్కడే కాసేపు కూర్చుంది. రేపు కమిషన్ గదిలో మొదటి వాక్యం ఎలా ఉండాలో మనసులో కూర్చుకోబోయింది. 'నేను వద్దన్నాను' దాకా వచ్చింది. 'ఎందుకంటే' దగ్గర ప్రతిసారీ డైరెక్టరు మొహం అడ్డొచ్చింది. ఆ మొహం పక్కనే జీతం, ఇంటి అద్దె, అమ్మ మోకాళ్ళ మందులు వరసకట్టాయి. మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టింది. నాలుగోసారికి వాక్యం చివరిదాకా వచ్చింది, గుసగుసగానైనా. మంగలి ఊడ్చడం ఆపి ఆమె వైపు చూశాడు. లేచి ఇంటిదారి పట్టింది.

ఇంటికొచ్చేసరికి భర్త వచ్చి ఉన్నాడు. ఆయన డ్రైవింగ్ నేర్పే మాస్టారు. ఆదివారాలు కూడా పాఠాలుంటాయి. షూస్ విప్పుకుంటూ అత్తగారికి ఇవాళ్టి శిష్యుడి గురించి చెప్తున్నాడు. "బ్రేకేదో చెప్పండి అంటాడు అత్తయ్యా. నీ కాలి కిందే ఉంది నాయనా అంటే, ఏ కాలు అంటాడు." అమ్మ బల్ల తుడుస్తూ నవ్వుతోంది. రేవు పిల్ల తాగిన టీ గ్లాసు ఇంకా బల్ల మీదే ఉంది.

"వచ్చావా" అన్నాడు భార్యను చూసి. "ఇప్పుడే మీ డైరెక్టర్ ఫోన్ చేశాడు. నీకో శుభవార్త. రేపు నువ్వు కమిషన్‌కి వెళ్ళక్కర్లేదట. సెలవు పెట్టి ఇంట్లో ఉండమన్నాడు."

ఆ మాట చెవిన పడగానే రేడియో అక్కకు ముందుగా కలిగింది హాయి. ఎండలోంచి నీడలోకి వచ్చినట్టు, ఒళ్ళంతా ఒక్కసారి తేలికపడింది. తాను వెళ్ళనంది కాదు, వాళ్ళే వద్దన్నారు. ఇక తన చేతుల్లో లేదు. అలా అనుకున్న మరుక్షణమే, బస్సు మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగిన ఆ పిల్ల కళ్ళ ముందుకొచ్చింది. ఇంత సులువుగా, ఇంత తొందరగా సంతోషించగలిగినందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం పుట్టింది.

"మీరేమన్నారు?" అంది.

"ఏమంటాను, మా ఆవిడ చేత సెలవు పెట్టిస్తానన్నాను. నువ్వు రెండ్రోజులుగా సరిగా తినడం కూడా లేదు. నీకీ గొడవలెందుకు?"

"ఎందుకు అక్కర్లేదట?"

"నీ బదులు మీ కమిటీ పెద్దాయన వెళ్తున్నాడట. ఆ రోజేం జరిగిందో ఆయన ఇవాళే డైరెక్టర్‌కి పూసగుచ్చినట్టు చెప్పాడట. ఆయన ఒక్క ముక్క చెప్తే కేసు అక్కడికక్కడే తేలిపోతుందన్నాడు." భర్త రెండో షూ విప్పి గోడవారగా పెట్టాడు. ఏమీ తెలియని మనిషి, మెచ్చుకోలుగానే అన్నాడు. "నాకు నువ్వు చెప్పనేలేదు. ఆ పిల్లని వద్దన్నది నువ్వేనటగా."

బల్ల తుడుస్తున్న చెయ్యి ఆగింది. అమ్మ అల్లుడి వైపు చూడలేదు. కూతురి వైపే చూసింది.

"ఏ పిల్లని?" అంది.